కలిపినంక ఆగదు

అచ్చంపేట బస్టాండ్ ఎనుక నా దుకాణం.
రేకుల కప్పు. మే నెలల
కొబ్బరినూనె సలసల కాగుతది,
డై సీసాలు పొట్టలుబ్బుతయి.
అందుకే వాటిని కింద, రంజను నీడకు,
తడి తగలకుంట గోనె పరిచి పెడ్త.
తారీకు దాటినయి ఏరి పారేస్త.
నష్టమే.
నెత్తి ఎవరిదైనా నెత్తే గద.

కండక్టర్ మాసయ్య మాత్రం ఇనలే.
శనివారం ఆయనకు రిటైర్మెంట్ సన్మానం.
సగం ఇయ్యాల మీసానికి,
సగం ఆనాటికి నెత్తికి, అని లెక్క.
"కలిపినంక గంట సుత ఆగదన్నా" అంటే నవ్విండు.
చిల్లర దాసినట్టు
తొక్కు సీసాల దాసి
మూత బిర్రుగ తిప్పిండు.

నడిరాత్రి ఠప్పుమన్నదట.
గోడ మీద, క్యాలెండర్ మీద,
ఇస్త్రీ చేసి తగిలేసిన ఖాకీ అంగి మీద
నలుపు.
శనివారం శాలువ కప్పుకుని
ఆయన మీసం నిగనిగ, తల మల్లెపువ్వు.
ఫోటోల మస్తు నవ్వుతున్నడు.

నా గల్లపెట్టె కింద గూడ ఒక ప్యాకెట్ ఉన్నది.
మూడేండ్లాయె,
రేపు పెట్టుకుంట అని తెచ్చి.
పాతయి ఏరేటప్పుడు
చెయ్యి దాని దాక పోయి మళ్లొస్తది.
ఎండ పడకుంట
ఇంకొంచెం లోపలికి జరుపుత.