పచ్చి ఒళ్ళు

హూడిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్, బి-పద్నాలుగు.
కోటింగ్ వేసిన ఫయాజ్ తాళాలిస్తూ చెప్పాడు:
"ఏడు రోజులు నీళ్ళు తగలనీకండి సార్.
పైకి గట్టిపడ్డట్టుంటుంది, నమ్మొద్దు.
లోపలింకా పచ్చి."

బాలింతను అప్పజెప్పినట్టే అప్పజెప్పాడు.

మూడో రోజు పావురం రెట్ట.
మెత్తటి గుడ్డ తడిపి, రుద్దకుండా
అద్ది తీశాను, ఊపిరి బిగబట్టి.

నాలుగో సాయంత్రం వాన.
ర్యాంపు మీంచి ఎర్రనీళ్ళు జారుతున్నాయి,
పైన పైపు అతుకు కారుతోంది.
బానెట్ మీదికి గొడుగు పట్టుకుని నిలబడ్డాను
ఊరేగింపులో పెళ్ళికొడుక్కి పట్టినట్టు.

అప్పుడొచ్చింది ఆదోని సుంకమ్మ,
చెవుల్లో దూది, తలకు గుడ్డ,
చీలమండల దాకా నీళ్ళలో,
రబ్బరు కర్రతో నీళ్ళు నెట్టుకుంటూ.

"కాన్పయిందన్నారే?"
"ఈ పొద్దుకి తొమ్మిదోనాడు సార్."
నడుము పట్టుకుని నిలబడి
గొడుగు కేసి చూసింది.
"కారుకేమాయె సార్?"

చెప్పబోయాను.
కర్ర ఇటివ్వమన్నాను.
"సూపర్‌వైజర్ చూస్తాడు" అని
మళ్ళీ వంగింది.

గొడుగు మూశాను.
బానెట్ మీద పడ్డ మొదటి చుక్క
గుండ్రంగా నిలబడింది,
ఎక్కడా అంటుకోకుండా.