కుడిదిక్కు మొదలు

మస్కట్ల బడి తుడిచిన, ఎనిమిదేండ్లు.
పొద్దుగాల పిల్లలు రాకముందు
నిన్నటి అక్షరాలు బోర్డు మీదనే ఉండేటియి,
నా బట్ట తాకేదాక.

పడవ, దాని కింద ఒక్క చుక్క.
నూర్ అని ఓ పిల్ల, ముందటి పండ్లు ఊడిన నోటితోని
"బా" అన్నది.
"బా" అన్న నేను.
కొన్ని నెలలకు తలుపు మీది మాట చదివిన:
బాబ్. తలుపనే రాసి ఉన్నది తలుపు మీద!
ఆ రాత్రి రూంల ఆరుగురం.
అందరు నిద్రల ఉన్నరు, ఎవలకు చెప్పాలె?

ఇప్పుడు మెట్‌పల్లి అవుతల మా ఊరి బడిల
పగటి బువ్వ వండుత.
గంట కొట్టినంక బోర్డు తుడుస్త, ఎవ్వలు చెప్పకున్నా.
"లసుమవ్వా, ఉల్టా తుడుస్తవేంది?" అంటడు హెడ్‌సారు.
చేతికి అట్లనే అలవాటైంది సారూ,
దానికి మొదలంటే కుడిదిక్కే.

జీతం రిజిస్టర్ల మాత్రం
ఇంకా ఏలిముద్రనే.

నిన్న మూడో తరగతి హర్షిణి
పప్పుగంజు మసి మీద ఏలుతోని గీసింది.
"ఇది బ. బువ్వల బ."
చుక్క యాడ పెట్టాలె బిడ్డా, అన్న.
కిసుక్కున నవ్వింది.
దీనికి చుక్క ఉండదంట.