నాలుగో లీటరు

ముర్గాబ్‌లో చలికాలం రాత్రిళ్ళు
బ్యాటరీని కూడా ఇంట్లోనే పడుకోబెడతాం,
పొయ్యి పక్కన, పాత కోటు కప్పి.
తెల్లారకముందే దాన్ని పసిబిడ్డలా ఎత్తుకొచ్చి
జీపులో బిగించాడు ఓరోజ్‌బెక్ మామ.

తాళం తిప్పాడు.
ఇంజను మూలిగింది, తిరిగింది, తిరిగింది,
అంటుకోలేదు.

వెనక సీట్లో సాయిరగుల్ టీచరు,
చెంపకు శాలువా చుట్టుకుని.
మూడు రోజులుగా దవడపన్ను.
ఖోరోగ్ దాకా పోతేగాని పీకేవాడు లేడు.
ఏమైందని అడగడానికి నోరు తెరవలేక
కనుబొమలతో అడిగింది.

"టార్చి ఇటు పట్టరా."
పట్టాను.
కొత్త టార్చి. బోల్టుల మీది తుప్పు కూడా
లెక్కపెట్టేంత తెల్లటి వెలుగు.

మామ ఎప్పుడూ ఒకటే చెబుతాడు:
బండికి కావలసినవి మూడే.
నిప్పు, గాలి, తాగడానికింత పెట్రోలు.
ఏది లేదో కనుక్కో,
మిగతా రెండింటినీ తిట్టకు.

ముందు నిప్పు.
ప్లగ్గు ఊడదీసి ఇంజను ఇనుముకు ఆనించి
నన్ను హ్యాండిల్ తిప్పమన్నాడు.
టార్చిని పళ్ళతో కరుచుకుని తిప్పాను.
చిటుక్కుమని నీలం చుక్క.
"ఉంది," అన్నాడు. అయినా మళ్ళీ తిప్పమన్నాడు.
ఆ నీలాన్ని చూడ్డమంటే ఆయనకిష్టం.

గాలికేం, ఈ ఊళ్ళో ఉచితంగా దొరికేది అదొక్కటే,
అదీ పలచన.
ఫిల్టరు దులిపితే ఇసుకా, గొర్రెబొచ్చూ రాలాయి.

అప్పుడే చెప్పి ఉండొచ్చు నేను.
ఈ చలికి తేళ్ళు బతకవంటారు.
నన్ను మాత్రం కుట్టిందొకటి.

కార్బురేటరు దగ్గర గొట్టం ఊడదీసి
పంపు మీట వేలితో నొక్కాడు, నొక్కాడు.
చుక్క రాలేదు.
"నీళ్ళు కలిసి గడ్డకట్టి ఉంటాయి,"
వేడినీళ్ళ కెటిల్ తెప్పించి, గుడ్డ తడిపి,
గొట్టం పొడవునా కాపడం పెట్టాడు,
బండి కింద వెల్లకిలా పడుకుని,
టీచరు చెంపకు పెట్టాల్సినంత ఓపిగ్గా.
పిండిన గుడ్డ మళ్ళీ తడిపేలోగా బిగుసుకునేది.
ఆయన వేళ్ళు వంగడం మానేశాయి.
నాకు ఏడుపొచ్చింది.
అదంతా అనవసరమని నాకొక్కడికే తెలుసు.

పెట్రోలు ముల్లు ఏడేళ్ళుగా సగం దగ్గరే ఆగింది,
దాన్నెవరూ ఏమీ అడగరు.
చివరికి గొట్టానికి నోరు పెట్టి ఊదాడు.
టాంకు ఖాళీ కుండలా పలికింది.

మామ కాసేపు అలాగే వంగి ఉన్నాడు.
లేచాక టాంకు వైపు చూడలేదు.
టార్చిని చూశాడు.
"ఎక్కడిదిరా?"
"దొరికింది."
నా మాటతో పాటే ఆవిరి వెళ్ళి
ఆయన ముఖానికి తగిలింది.

రాత్రి రబ్బరు గొట్టంతో పీల్చినప్పుడు
ఒక గుక్క లోపలికి పోయింది.
ఉప్పు టీ తాగినా, మంచు నమిలినా
పోలేదు ఆ వాసన.
కుల్మా కనుమ వైపు పోయే లారీవాడికి ఆ పెట్రోలు,
నాకు ఈ వెలుగు.

కొట్టలేదు.
టార్చి అందుకుని, ఆర్పి,
ఎదురింటి కాలిల్ తలుపు తట్టాడు.
చీకట్లో బేరం సరిగా వినపడలేదు.
డబ్బాతో తిరిగొచ్చి అన్నాడు,
"మూడు లీటర్లే ఇచ్చాడు."
"నాలుగు కదా..." నోరు జారాను.
"నాలుగోది నీ నోట్లోనే ఉంది."

టీచరు నవ్వబోయి
చెంప పట్టుకుని కుయ్యోమంది.

వంతెన దగ్గరి బంకు దాకా చాలు ఆ మూడూ.
హ్యాండిల్ ఈసారి రెండు చేతులా తిప్పాను.
దగ్గింది, తుమ్మింది, అంటుకుంది.
కుడి దీపం వెలిగింది, ఎడమది
పోయిన చలికాలం నుంచీ గుడ్డిది.
నన్ను ఎక్కమనలేదు.

గేటు దాటి, మలుపు తిరిగి
చప్పుడు సన్నబడుతుండగా
నా చేతిలో ఏదో బరువు.
హ్యాండిల్.
దారిలో ఆగితే మళ్ళీ ఎలా లేపుతాడు?

పరిగెత్తాను.
మామా అని అరిచినప్పుడల్లా
పెట్రోలు వాసన.