రెండు మార్కుల ప్రశ్న

"కొన్ని ప్రాంతాలలో కమ్యూనిస్టుల నాయకత్వాన
అలజడులు చెలరేగినవి.
అవి అణచివేయబడినవి."

నూట నలభై మూడో పేజీ, పైనుంచి ఆరో వరస.
కిందే ఆనకట్ట బొమ్మ,
దానికి మాత్రం సగం పేజీ.

పదిహేనేళ్ళుగా చెబుతున్నాను
చినపల్లంక లాకుల దగ్గరి హైస్కూల్లో.
తుఫాను సెలవుల్లోపు పుస్తకం అవగొట్టాలి గదా,
గీత గీసుకోండర్రా, రెండు మార్కులొస్తాయి
అని పేజీ తిప్పేసేదాన్ని.

ఈ ఏడు నేలపాటి సువార్త లేచింది.
"ఎవరు అణిచారండీ?"

నేను సుద్దముక్క వెతుక్కున్నాను.

అన్నాల వేళ తెలుగు మాస్టారు నవ్వారు:
"కర్త లేదమ్మా ఆ వాక్యానికి.
కర్మణిలో రాసేది అందుకే.
పని జరిగిపోతుంది, ఎవరి చెయ్యీ తడవదు."

మర్నాడు ఆ పిల్ల పాత చున్నీలో చుట్టి
ఒక కుంచం తెచ్చింది.
వాళ్ళ ముత్తవ్వ సంతోషమ్మ
కామందు గాదెలోంచి ఓ రాత్రి ఎత్తుకొచ్చినదట.
కూలి కొలిచి ఇచ్చే కుంచం అది.
పుచ్చుకునేది వేరే ఉండేదట.

వంట అప్పాయమ్మ మానిక అరువిచ్చింది.
ఒకటి, రెండు, మూడు
పిల్లలంతా గొంతు కలిపారు.
నాలుగోది పట్టలేదు.
గుప్పెడున్నర బియ్యం బల్లమీదికి రాలాయి.
లోపల చెయ్యిపెట్టి చూశాను,
అడుగున గుబ్బ.
ఎవడో తీరుబడిగా కూర్చుని సుత్తితో లేపిన గుబ్బ.

కాలువ గట్టున స్థూపం ఉంది, లారీ తగిలి మూల విరిగింది.
నాలుగు పేర్లు, నలుగురూ మగవాళ్ళే.
మా పెదతాత పేరు రెండోది.
చినతాత పేరు ఎక్కడా లేదు,
పోలీసు క్యాంపుకి పాలు పోయించింది ఆయన.
ఇద్దరి ఇళ్ళలోనూ సంతోషమ్మకి
మంచినీళ్ళు పైనుంచి దోసిట్లోకే.

ఆ చేలు ఇప్పుడు రొయ్యల చెరువులు.
రాత్రంతా ఏరియేటర్లు నీళ్ళు కొడుతూనే ఉంటాయి,
నిద్రపట్టక అదే లెక్క:
రోజుకి గుప్పెడున్నర, ఊడ్పులు, కోతలు, కుప్పనూర్పులు,
ఎన్ని పేటల వాళ్ళు, ఎన్నేళ్ళు.

హెడ్మాస్టరు పిలిచి మెల్లగానే అన్నారు,
"సిలబస్ చూసుకోండి మేడమ్."
చూసుకున్నాను. యూనిట్ పరీక్షలో
సిలబస్‌లోని వాక్యమే ఇచ్చాను:
'అవి అణచివేయబడినవి.' దీన్ని కర్తరిలో రాయండి.

పోలీసులు అణచిరి, అన్నారు చాలామంది.
ప్రభుత్వము, అని కొందరు.
ఒకడు ఖాళీ వదిలి పక్కన పడవ బొమ్మ గీశాడు.
సువార్త వాక్యంలో కర్తలు నలుగురు:
పోలీసులు, మునసబు, కొలతగాడు,
చివర, కొట్టేసి, మళ్ళీ రాసి,
మా ఇంటిపేరు.

రెండు మార్కులూ వేశాను.
ఎర్ర సిరాతోనే.
పేపర్లు దిద్దడానికి బడిలో ఇచ్చేది అదే.