మధ్య గీత

లింకన్‌లో, శాసనసభ కింది అంతస్తు గదిలో
మాటలు పట్టుకునే ఉద్యోగం నాది.
ఇరవై రెండు మీటల యంత్రం, పందొమ్మిదేళ్ళ అలవాటు.
ఎవరేమన్నా వేళ్ళు వింటాయి.
నేను వినక్కర్లేదు.

ఇవాళ పందేల బిల్లు.
ఆటల మీద ఫోన్లో డబ్బు కాయొచ్చా, కూడదా.

కంపెనీ లాయరు లేచాడు, ఇస్త్రీ నలగని గొంతు.
"మిస్సోరీ నది దాటితే అయోవా. అక్కడిది తప్పు కాదు.
శనివారం పొద్దున్నే ఒమాహా నడక వంతెన మీద చూడండి,
మన కుర్రాళ్ళు మధ్య గీత దాటి అటు నిలబడతారు,
పందెం కాసి ఇటు తిరిగొస్తారు.
జేబు మనది, ఖజానా వాళ్ళది."
గీత అన్నాడు నాలుగుసార్లు.
ఇంటి పన్ను తగ్గుతుందని పదకొండుసార్లు.

తర్వాత ఆర్లెన్ హృబీ, రైతు, టోపీ మోకాలి మీద.
"మొక్కజొన్న వేస్తాను నేను.
విత్తు భూమిలో పడ్డ రోజు నుంచీ వానతో పందెమే.
దానికి మీరు బీమా ఇస్తారు, వ్యవసాయమంటారు.
మావాడు బంతి మీద ఇరవై డాలర్లు పెడితే నేరమా?"
కుండలీకరణాల్లో రాశాను: నవ్వులు.
ఆయన నవ్వలేదని రాసే వీల్లేదు.

ఆరడుగుల పిల్ల మైకు కోసం నడుం వంచింది.
డెలేనీ స్వొబొడా, వాలీబాల్, రెండో సంవత్సరం.
"మూడో సెట్లో నా సర్వ్ నెట్‌కి తగిలింది.
బస్సెక్కేలోపే ఎవరో రాశాడు,
నీ వల్ల నాలుగు వందలు పోయాయని.
మా అమ్మ పనిచేసే ఆసుపత్రి పేరు కూడా రాశాడు."

చట్టమొస్తే అలాంటివాణ్ణి పట్టుకోవచ్చు కదమ్మా,
అన్నాడు అధ్యక్షుడు, మెత్తగానే.

"ఇప్పుడు ఒకడు" అంది పిల్ల.
ఆ తర్వాత ఏమీ అనలేదు.
నా వేళ్ళు మీటల మీదే ఆగిపోయాయి.
ఈ యంత్రంలో అన్నిటికీ మీటలున్నాయి,
దగ్గుకీ, చప్పట్లకీ, వినబడని మాటకీ.
ఆ పిల్ల ఊరుకున్నదానికి లేదు.

మాది ఒమాహా. రోజూ యాభై మైళ్ళు.
మా రాయ్ శనివారాలు చేపలకని వెళ్ళేవాడు.
ఆరేళ్ళలో ఒక్క చేపా తేలేదు.
ఒకసారి మాత్రం వాషింగ్ మెషిన్ తెచ్చాడు,
అబద్ధం ఆడకూడదు, ఇప్పటికీ బాగా తిరుగుతుంది.
తర్వాత ట్రక్కు పోయింది. మా అత్తగారి పియానో పోయింది.
అది ఉన్నచోట కార్పెట్ మీద నాలుగు గుంటలు,
ఎంత దువ్వినా లేవవు.

కిందటి అక్టోబరులో వెనకాలే వెళ్ళాను.
వంతెన మధ్య, గీతకి మూడడుగుల అవతల
ఫోను చూసి నవ్వుతున్నాడు.
పెళ్ళినాటి ఫోటోలో ఉన్న నవ్వే, నాకు గుర్తే.
నన్ను చూశాడు. దాచుకోలేదు.
"మార్లిస్, ఇటు రా. గాలి బాగుంది ఇక్కడ."

అదే గాలి. నాకూ కొడుతూనే ఉంది.
కింద నది, బురద రంగుది, ఎవర్నీ ఏమీ అడక్కుండా పోతోంది.
రెండు పాదాలూ ఇటే ఉంచాను.
బూటు కొస మాత్రం గీత మీద.

బిల్లు గెలిస్తే ఆయన శనివారాలు ఇంట్లోనే ఉంటాడు,
సోఫాలో, నా పక్కనే, ఫోనుతో.
భయం అదే.
చెప్పకూడదు గానీ, ఆశా అదే.
ఓడితే వంతెన ఎలాగూ ఉంది.

నా మాట రికార్డులోకి రాదు.
అడిగినవాళ్ళూ లేరు.

విరామంలో క్యాంటీన్లో గుమాస్తాలు
కమిటీ ఓటు మీద తలా ఐదు డాలర్లు కాస్తున్నారు.
కాఫీ కప్పులో నోట్లు, న్యాప్కిన్ మీద పేర్లు.
ఎనిమిదిమంది సభ్యులు. ఐదు, మూడు, అన్నాను నేను.

"ఎటు ఐదు?" అన్నాడు కిప్, పెన్ను ఎత్తి పట్టుకుని.

పర్సులో నోటు వెతుకుతూ ఉండిపోయాను.