పగటి పొగ

బండి నంబరు చూడక్కర్లేదు,
తలుపు తీస్తే చాలు
ఎవడు నడిపాడో చెబుతుంది.

కాశీబుగ్గలో జీడిపప్పు గోడౌను ముందు
సాయంత్రం ఆరింటికి
తవిటయ్య తాళం నా చేతిలో పెడతాడు.
తాళానిక్కూడా సిగరెట్టు కంపే.
పగలు బండి అతనిది, రాత్రి నాది.
ఆ పొగ మాత్రం
ఏ డ్యూటీకీ దిగిపోదు.

మొదటి వారం నిమ్మకాయలు కోసి పెట్టాను.
నిమ్మకాయలకే పొగ పట్టింది.
తర్వాత కర్పూరం,
గుళ్లో ఎవరో బీడీ వెలిగించినట్టు తయారైంది.
మా ఆవిడ కాఫీపొడి మూట కట్టిచ్చింది.
సీటు మీద తినేసోడా చల్లి
పొద్దున్నే దులిపెయ్యమంది.
ఒకరోజు దులపడం మరిచి దిగిపోయాను.
తవిటయ్య ఫ్యాంటు వెనక తెల్లగా రెండు చందమామలు,
పలాస బజారంతా నవ్వింది.
అతను నవ్వాడో లేదో నాకు తెలీదు.

వాసన ఎక్కడుందో కనిపెట్టడానికి నెల పట్టింది.
సీట్లో కాదు, సీటు కడిగాను.
పైకప్పు గుడ్డలో,
డ్రైవరు తలకి సరిగ్గా పైన,
టీ ఒలికినట్టు ఒక మరక.
పన్నెండేళ్ల ఊపిరి అక్కడ వేలాడుతోంది.
సీటు బెల్టు పూర్తిగా లాగి చూశాను.
ఎప్పుడూ పెట్టుకోని బెల్టు కదా,
లోపల చుట్టుకున్న మూర ఒక్కటీ
కొత్త బండి వాసనేసింది.

మా నాయనమ్మ అసిరమ్మ అడ్డపొగ కాల్చేది.
చుట్ట నిప్పు నోటిలోపలికి,
వానలో ఉడుపులు ఉడుస్తున్నా ఆరేది కాదు.
అంగిలి సున్నం కొట్టిన గోడలా అయిపోయింది.
వద్దంటే,
"నా నిప్పు నా నోట్లోనే ఉంది కదరా, నీకేటి?" అనేది.
నాకేటో అప్పుడు తెలీలేదు.
ఆవిడ మాట తవిటయ్య నోట రాదు,
అతని నిప్పు బయటే ఉంటుంది.

శాంపిలు పొట్లాలు కేబిన్లో పెట్టుకుని
బరంపురం తీసుకెళ్లాను.
సేటు ఒక గుండు పప్పు కొరికి
"ఇది జీడిపప్పా, సిగరెట్టు పెట్టా?" అన్నాడు.
ఆర్డరు పోయింది.
మేనేజరు ఇద్దర్నీ నిలబెట్టాడు.
నేను ఎవరి పేరూ చెప్పలేదు.
"నేను తాగనండి" అన్నాను, అంతే.
అంతకన్నా పేరు చెప్పడమే నయం.

పదిహేను వందలు కోత.
అద్దం మీద ఎర్ర అక్షరాల కాగితం.
ఆ సాయంత్రం తాళం
సబ్బు వాసనేసింది.

ఆ రాత్రే, సోంపేట దాటాక,
రెండు గంటల వేళ
రోడ్డు మీద తెల్లగీత రెండైంది.
కాదు, నా కళ్లే.
ఎదురుగా గ్రానైటు లారీ హారన్
నన్ను చొక్కా పట్టి లేపింది.
కంచిలి దగ్గర ఆపి, ముఖం మీద నీళ్లు కొట్టుకుని,
తల ఎత్తితే ఆ మరక.
అప్పుడు గుర్తొచ్చింది,
నేను చేరకముందు తొమ్మిదేళ్లు
రాత్రి డ్యూటీ అతనిదే.

మర్నాడు తాళం తీసుకుంటూ అడిగాను,
"నిద్దరొస్తే ఏటి సేసీవోడివి?"
చాలాసేపు టైర్ల వంక చూశాడు.
"ఏటి సేత్తాను బావూ, ఊదీవోణ్ణి.
తర్వాత పగలిచ్చారు గానీ
నోటికి పగలని తెలీదు కదా."
వెళ్లబోతూ వెనక్కి తిరిగి,
"అల్లం ముక్క దవడన ఎట్టు.
నానూ అదే సూత్తన్నాను."

ఇప్పుడు యాష్‌ట్రేలో అల్లం తొక్కలుంటాయి,
కొన్ని నావి.
అప్పుడప్పుడూ వాటి కింద
నలిపి దాచిన పీక ఒకటి.
చూసి పారేస్తాను, ఎవరికీ చెప్పను.

పైకప్పు గుడ్డ కంపెనీ మార్చలేదు.
వాన పడిన రాత్రి
తడి తగిలి ఆ మరక మళ్లీ మేలుకుంటుంది.
అద్దం దించుతాను,
మొత్తం కాదు,
నాలుగు వేళ్ల మేర.