పది–పదకొండు

మొదటి రోజు ఏడుపు ఆ మూలన మొదలైంది.
కెజియా ఒక్కతే.
అరనిమిషంలో ఇరవై ఆరుగురూ అందుకున్నారు,
ఎవరికోసం ఏడుస్తున్నారో ఎవరికీ తెలియకుండానే.
నా లెసన్ ప్లాన్‌లో ఆ పిరియడ్‌కి
"ఉన్ముఖీకరణ: అయిదు నిమిషాలు" అని ఉంది,
కింద ఎర్ర స్కెచ్‌పెన్‌తో గీత కూడా.

బెజవాడ ఆటోనగర్, రెండో రోడ్డు.
ఈ గోడ పక్కన లారీ బాడీలు కట్టే షెడ్డు,
ఆ గోడ పక్కన రేడియేటర్లు అతికే కొట్టు.
"అ" అంటాను,
టంగ్ మని సుత్తి.
"ఆ" అంటాను,
టంగ్.
మూడో రోజుకి గొంతు పోయింది.
హాస్టల్లో మిరియాల పాలు తాగి పడుకుని
నాలుగో రోజు చేతులతో, కనుబొమలతో చెప్పాను.
ఆ రోజే కాస్త విన్నారు.

విక్టోరియా టీచరుది ముప్ఫయ్యొక్కేళ్ల సర్వీసు.
కుర్చీలోంచి లేవకుండా "ఊఁ" అంటే చాలు,
గదంతా నోటిమీద వేలు.
నేనూ అద్దం ముందు నిలబడి ఆ "ఊఁ" సాధన చేశాను.
మర్నాడు అంటే
"కడుపునొప్పా టీచర్?" అని జాలిగా అడిగింది హర్ణిత.

నలభై రోజుల ప్రాక్టీసులో
నేను ఎక్కువ ప్రాక్టీసు చేసింది బూట్లు మార్చడం.
ఎడమది కుడికాలికి, కుడిది ఎడమకి,
ఒక్కడంటే ఒక్కడు
పొరపాటునైనా సరిగ్గా వేసుకుని రాడు.
చున్నీ కొసన ఎవరి చీమిడో,
ఎవరి ఉప్మా రవ్వో.
బస్సులో పక్కావిడ కాస్త జరిగి కూర్చునేది.

ఒకరోజు కెజియా నన్ను "అమ్మా" అంది.
అనేసి, నాలిక కరుచుకుని, బల్ల కిందికి దూరింది.
అందరూ ఒకటే నవ్వు.
నేను సుద్దముక్క పడేసుకుని
దాన్ని చాలాసేపు వెతికాను.

నాగుల్ మీరా మాత్రం మాట్లాడడు.
కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు చూస్తాడు,
వాడి చొక్కాకి ఎప్పుడూ గ్రీజు వాసన.
కాలేజీ నుంచి ధనుంజయరావు సారు
నా పాఠం చూడ్డానికి వచ్చిన రోజు
అంకెలు ఎవరు చెబుతారంటే
ఎన్నడూ ఎత్తని చెయ్యి ఎత్తాడు.

"ఆరు–ఏడు, ఎనిమిది–తొమ్మిది,
పది–పదకొండు, పన్నెండు–పదమూడు..."
ఆరుకి ముందువిరా?
"అంత చిన్నవి మా నాన్న దగ్గర లేవు టీచర్."
పద్నాలుగు–పదిహేను, పదహారు–పదిహేడు,
పద్దెనిమిది–పంతొమ్మిది,
ఇరవై–ఇరవైరెండు. అయిపోయింది.
చేతులు దులుపుకుని కూర్చున్నాడు.
ఇరవై ఒకటేదీ?
"అది సెట్టులో రాదు టీచర్."

వెనక బెంచీలో సారు పెన్ను ఆగలేదు.
నలభైకి ఇరవై నాలుగు.
"సంఖ్యాక్రమం సాధించలేదు."

ఆ సాయంత్రం సుభాని కొట్టుకి వెళ్లాను.
ఆయన ఒక్కో స్పానర్నీ కిరసనాయిలు గుడ్డతో తుడిచి
గోనెసంచిలో చుట్టి ఇచ్చాడు.
"రేపు మధ్యాహ్నానికల్లా కావాలమ్మా,
అవి లేకపోతే నాకు చేతుల్లేనట్టే."

మర్నాడు చాప మీద ఎనిమిది స్పానర్లు
చిన్న నుంచి పెద్దకి.
ఒకటి నుంచి అయిదు దాకా చింతపిక్కలు పెట్టారు.
ఏడు పక్కన ఎనిమిది, తొమ్మిది పక్కన పది,
వేళ్లు పెట్టి, తడిమి, మధ్యలో కొట్టుకుని,
హర్ణిత ఒకటి కాలిమీద వేసుకుని ఏడ్చి,
మొత్తానికి ఆఖరి దాని దగ్గరికొచ్చారు.
ఈ చివర ఇరవై, ఆ చివర ఇరవైరెండు.
అందరూ నా వైపు చూశారు.
నేను నాగుల్ మీరా వైపు చూశాను.
వాడు మోకాళ్ల మీద పాకుతూ వచ్చి
ఇనుప కాడ మధ్యలో అరచెయ్యి పెట్టి అన్నాడు:
"ఇరవై ఒకటి ఇక్కడ.
పట్టుకునేచోట."

విక్టోరియా టీచరు కుర్చీలోంచి లేచి నిలబడింది.
"ఊఁ" అంది.
ఇది ఇంకో రకం ఊఁ.
దీన్ని అద్దం ముందు నేర్చుకోలేను.

మార్కులు మారలేదు.
నలభయ్యో రోజున ఎవరూ ఏడవలేదు,
బూట్లు తొడుక్కునే హడావిడిలో ఉన్నారు.

తర్వాతి వారం కాలేజీలో మళ్లీ నమూనా పాఠం.
తోటి అమ్మాయిలే పిల్లలు, ఏసీ గది,
తలుపులు వేసి ఉన్నాయి.
"అ" అన్నాను.
అని ఆగాను.
ఏమైందమ్మా, ఎందుకాగావు, అన్నారు సారు.

సుత్తి పడలేదు కదా మరి.